వేరు పిలిచింది ఒకరిని, వచ్చింది ఇంకొకరు

జొన్న చేనులో ఒక మొక్క వాడిపోయి ఉంటుంది. నేలలో పదును ఉంది, మొన్ననే వాన పడింది. అయినా దాని ఆకులు నీళ్లు లేనట్టు వేలాడుతుంటాయి, వాటి మీద పసుపు మచ్చలు. పక్కనున్న మొక్కలకన్నా జానెడు పొట్టి. ఆకు తిప్పి చూస్తే పురుగు లేదు, కాండం చీల్చి చూస్తే తొలిచిన గుర్తు లేదు. ఎరువు తక్కువైందేమో అనుకుని ఊరుకుంటాం. కొన్ని వారాలకి దాని మొదట్లో నేల చీల్చుకుని నాలుగైదు లేత పచ్చని మొక్కలు లేస్తాయి. సన్నని ఆకులు, చిన్న చిన్న పూలు. అప్పటికి జరగాల్సిన నష్టంలో పెద్ద వాటా జరిగిపోయి ఉంటుంది.

ఆ మొక్క పేరు జొన్నమల్లె. పేరు వింటే జడలో పెట్టుకునేదేమో అనిపిస్తుంది. శాస్త్రనామం స్ట్రైగా, అంటే లాటిన్‌లో మంత్రగత్తె. పేరు పెట్టిన పద్ధతి చూస్తే లాటిన్ వాళ్లే నిజం చెప్పారనిపిస్తుంది. కంటికి ఏ కారణమూ కనపడకుండా పైరు గిడసబారిపోతుంటే చేతబడి అని కాక ఇంకేమనుకుంటారు? మనవాళ్లు పువ్వుని చూసి పేరు పెట్టారు, వాళ్లు పైరుని చూసి పెట్టారు.

పరాన్నజీవి మొక్క అనగానే మనకి గుర్తొచ్చేది బదనిక. చెట్టు కొమ్మ మీద వేరే ఆకులతో గుబురుగా కనిపిస్తుంది. దాని కథ అర్థం చేసుకోవడం తేలిక. పిట్ట పండు తింటుంది, జిగురు గింజని కొమ్మకి రాస్తుంది, గింజ అక్కడే మొలుస్తుంది. చేరాల్సిన చోటికి చేర్చేవాళ్లు ఉన్నారు. వేళ్ల మీద బతికే మొక్కకి ఆ సౌకర్యం లేదు. అది మట్టిలో ఉంది, చీకట్లో ఉంది, కదల్లేదు. వేరు ఎటుందో, అసలు ఉందో లేదో చెప్పే పిట్ట లేదు. మరి ఎలా కనుక్కుంటుంది? ఈ ప్రశ్నకి పూర్తి జవాబు దొరకడానికి నలభై ఏళ్లు పట్టింది. దొరికిన జవాబు కలుపు మొక్క గురించి చెప్పినదానికన్నా మామూలు మొక్కల గురించి చెప్పిందే ఎక్కువ.

ముందు గింజని చూద్దాం. ఎండిన జొన్నమల్లె కాయని తెల్ల కాగితం మీద నలిపితే రాలేవి గింజలని ఎవరూ నమ్మరు. ముక్కుపొడుంలాంటి గోధుమరంగు ధూళి. ఊపిరి తగిలితే లేచిపోతుంది. భూతద్దం కింద పెడితే అప్పుడు ఒక్కో రేణువూ కోలగా, పైన మెలితిరిగిన గట్లతో కనిపిస్తుంది. పొడవు మిల్లీమీటరులో మూడో వంతు. గ్రాము తూచితే లక్షకు పైగా ఉంటాయి. ఒక్క మొక్క వేల నుంచి లక్ష దాకా రాలుస్తుంది, అవి మట్టిలో పదేళ్లకు పైగా ప్రాణంతో ఉండగలవు.

ఇంత చిన్న గింజలో ఎంత తిండి పడుతుంది? కంది గింజలోనైతే మొలకకి కొన్ని రోజులు సరిపడా పప్పు ఉంటుంది. దీనిలో దాదాపు ఏమీ లేదు. మొలిచాక మొలకవేరు సాగేది నాలుగైదు మిల్లీమీటర్లే. ఆ కొద్ది దూరంలో, కొద్ది రోజుల్లో, ఒక వేరు దొరకాలి. దొరక్కపోతే అంతే. అందుకని ఈ గింజ వాన పడగానే మొలవదు. తడి, వెచ్చదనం ఒకటి రెండు వారాలు తగిలితే మేలుకుంటుంది, అంతే. మేలుకుని వింటూ కూర్చుంటుంది. పక్కన బతికున్న వేరు ఉందని ఒక రసాయనం వచ్చి చెప్పేదాకా కదలదు. ఆ ఏడాది రాకపోతే మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది.

ఆ రసాయనం ఏమిటో 1966లో అమెరికా శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. వేర్ల నుంచి ఊరే ద్రవాన్ని వడకట్టి, విడగొట్టి, చివరికి జొన్నమల్లె గింజని మొలిపించే పదార్థాన్ని వేరుచేసి స్ట్రైగోల్ అని పేరు పెట్టారు. ఇక్కడో తిరకాసు ఉంది. వాళ్లు తీసిన వేర్లు జొన్నవి కావు, పత్తివి. పత్తి మీద జొన్నమల్లె బతకలేదు. గింజ మొలుస్తుంది, వేరు దాకా వస్తుంది, లోపలికి పోలేక చస్తుంది. తనకి శత్రువే కాని మొక్కని పత్తి ఎందుకు పిలుస్తోంది? పోనీ జొన్న మాత్రం ఎందుకు పిలవాలి? తన నాశనాన్ని తానే కబురుపెట్టి రప్పించుకునే మొక్క ఎన్ని తరాలు నిలుస్తుంది? ఆ పదార్థాన్ని ఊరించని మొక్కలే బతికి బట్టకట్టి, ఊరించేవి ఎప్పుడో అంతరించి ఉండాలి. అలా జరగలేదు. పైగా వెతికినకొద్దీ ఇలాంటి పదార్థాలు, అంటే స్ట్రైగోలాక్టోన్లు, మొక్క తర్వాత మొక్కలో బయటపడ్డాయి.

2005లో జపాన్‌కి చెందిన కోహ్కి అకియామా బృందం ఈ ముడి విప్పింది. వాళ్లు చూస్తున్నది కలుపుని కాదు, శిలీంధ్రాన్ని. భూమ్మీద మొక్కల్లో అత్యధిక శాతం వేళ్లలో ఒకరకం శిలీంధ్రాలు కాపురం ఉంటాయి. వాటి దారాలు వేరు చేరలేని సందుల్లోకి పోయి భాస్వరం తెచ్చిస్తాయి, బదులుగా మొక్క చక్కెర, కొవ్వు ఇస్తుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం 40 కోట్ల ఏళ్ల నాటిది, మొక్కలు నేల మీదికి ఎక్కిన తొలిరోజుల నుంచీ ఉంది. ఈ శిలీంధ్రం దారం వేరు దగ్గరికి రాగానే ఒక్కసారిగా కొమ్మలు వేస్తుంది, వల విసిరినట్టు. దాన్ని అలా కొమ్మలు వేయించేది ఏమిటని వెతికితే దొరికింది స్ట్రైగోలాక్టోనే.

అంటే జొన్న పిలుస్తున్నది నేస్తాన్ని. పత్తి పిలుస్తున్నదీ నేస్తాన్నే. ఆ కేక పక్కన నక్కి ఉన్న దొంగ చెవిన కూడా పడుతోంది. పిలవడం మానేద్దామంటే భాస్వరం తెచ్చేవాడు రాడు.

ఇంకో మూడేళ్లకి, 2008లో, రెండు బృందాలు విడివిడిగా ఇంకో సంగతి తేల్చాయి. ఇవే పదార్థాలు మొక్క లోపల హార్మోన్లుగా కూడా పనిచేస్తాయి. పక్క కొమ్మలు ఎన్ని రావాలో, ఎప్పుడు ఆగాలో చెప్పేవి ఇవే. నేలలో భాస్వరం తగ్గితే మొక్క వీటిని ఎక్కువ చేస్తుంది. పైన కొమ్మలు తగ్గించుకుంటుంది, కింద శిలీంధ్రానికి గట్టిగా కేక వేస్తుంది. ఒకే మాట, ఇంట్లోవాళ్లకి పొదుపు చెయ్యమని, బయటివాళ్లకి సాయం రమ్మని. ఇంత అవసరమైన పదార్థాన్ని ఏ మొక్కా వదులుకోలేదని అప్పుడు తేలిపోయింది.

జొన్నమల్లె సారంలేని నేలల్లోనే ఎందుకు రెచ్చిపోతుందో కూడా దీంతో అర్థమవుతుంది. సహారా ఎడారికి దక్షిణాన జొన్న, సజ్జ, మొక్కజొన్న పండించే ఆఫ్రికా రైతులకి ఇది అతిపెద్ద కలుపు. ఎరువు కొనలేని చిన్న కమతాల్లోనే ఎక్కువ. నేల బీదదైనకొద్దీ వేరు గట్టిగా పిలుస్తుంది, పిలిచినకొద్దీ కలుపు లేస్తుంది, కలుపు లేచినకొద్దీ రైతు ఇంకా బీదవాడవుతాడు.

ఈ పదార్థానికి ఇంకో గుణం ఉంది, నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోచేది. స్ట్రైగోలాక్టోన్లు నిలకడలేనివి. తడి మట్టిలో త్వరగా విరిగిపోతాయి. వినడానికి లోపంలా ఉంటుంది గానీ గింజకి కావాల్సింది సరిగ్గా అదే. నెలల తరబడి నిలిచే పదార్థమైతే ఎప్పుడో చచ్చిన వేరు వాసన కూడా తగులుతుంది, గింజ మోసపోతుంది. విరిగిపోయేది తగిలిందంటే వేరు ఇప్పుడు బతికి ఉంది, పక్కనే ఉంది అని లెక్క.

వినే చెవి ఎక్కడిది? దాని వంశవృక్షం ఇంకా చిత్రం. కార్చిచ్చు తర్వాత కొన్ని గింజలు పొగలోని కారికిన్లు అనే పదార్థాలు సోకి మొలుస్తాయి. వాటిని పట్టే గ్రాహకం మామూలు మొక్కలన్నిటిలోనూ ఉంటుంది. జొన్నమల్లె పూర్వికులు ఈ పొగ చెవికి నకళ్ల మీద నకళ్లు తీసి, ఆ నకళ్లని స్ట్రైగోలాక్టోన్ వినేలా మలుచుకున్నారు. ఆఫ్రికాలో ఎక్కువ నష్టం చేసే స్ట్రైగా హెర్మాంథికాలో ఈ కుటుంబపు గ్రాహకాలు 11 ఉన్నాయని 2015లో తేలింది. వాటిలో ఒకటి ఎంత సున్నితమంటే, లీటరు నీళ్లలో గ్రాములో వందకోట్లో వంతు కన్నా తక్కువ ఉన్నా పసిగడుతుంది. నిప్పు ఆరిందా అని వినడానికి ఉన్న చెవిని పొరుగింటి మాటలు వినడానికి తిప్పుకుందన్నమాట.

మొలకవేరు వేరుని తాకబోయే చోట రెండో సంకేతం అందుకుంటుంది. తిండి పెట్టే మొక్క కణకవచం నుంచి వచ్చే క్వినోన్ అనే రసాయనం తగలగానే మొలకవేరు పొడుగు సాగడం మానేస్తుంది. ఒక్క రోజులో కొస ఉబ్బి, చుట్టూ జిగురు రోమాలు మొలిచి, బుడిపెలా మారుతుంది. దాన్ని చూషకం అంటారు. పరాన్నజీవి మొక్క అనిపించుకోవడానికి అసలు గుర్తు ఇదే, ఆకు రంగూ కాదు, పువ్వూ కాదు. బుడిపె వేరుకి అతుక్కుని, కణాల మధ్య అతుకుల్ని ఎంజైములతో వదులు చేసి, ఒత్తుకుంటూ లోపలికి పోతుంది. కొన్ని రోజుల్లో నీళ్లు మోసే గొట్టాన్ని చేరి, తన గొట్టం దానికి కలుపుతుంది. జాగ్రత్తగా మట్టి కడిగి, అతుకు దగ్గర పలచగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు మొక్కల దారువు, అంటే నీళ్లు మోసే గొట్టం, ఒకదానిలోంచి ఒకటి సాగినట్టు కనిపిస్తుంది. కుళాయి పైపుకి కింద నుంచి దొంగ కనెక్షన్ ఇచ్చినట్టే, కాకపోతే అతుకు చాలా నేర్పుగా వేసింది.

కనెక్షన్ కుదిరింది, నీళ్లు తనవైపు ఎందుకు రావాలి? మొక్కలో నీరు ఎక్కేది ఆకుల నుంచి ఆవిరయ్యే లాగుడు వల్ల. ఎవరి లాగుడు ఎక్కువైతే వాళ్లకే నీళ్లు. ఎండ ముదిరితే జొన్న తన పత్రరంధ్రాలు మూసుకుంటుంది. జొన్నమల్లె దాదాపు మూయదు. రంధ్రాలు మూయమని చెప్పే హార్మోను మాట దాని ఆకులు లెక్కచేయవు. ఇంటివాళ్లు కుళాయి కట్టేసి పొదుపు చేస్తుంటే దొంగ కనెక్షన్ వాడు రాత్రీ పగలూ వదిలేసినట్టు. మొదట్లో చూసిన మొక్క తడి నేలలో ఎందుకు వాడిందో ఇప్పుడు తెలుస్తుంది. అయితే పొట్టిబారడానికి నీళ్ల దోపిడీ ఒక్కటే కారణం కాదు. పరాన్నజీవి తగులుకున్నాక జొన్న పెరుగుదల తీరే మారిపోతుంది, పీల్చుకున్న బరువుకన్నా పోయిన బరువు చాలా ఎక్కువ ఉంటుంది.

నీళ్లతో పాటు వేరేవి కూడా చేతులు మారాయి. 2010లో స్ట్రైగా హెర్మాంథికా జన్యువుల్లో ఒకటి గడ్డిజాతి పంటల నుంచి వచ్చిందని కనిపెట్టారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం మనకి తెలిసిందే. ఇది లెక్కపెట్టడంతో ఆగకుండా ఒక వాసం పీకి తన ఇంటికి వేసుకుంది.

జొన్నమల్లెకి ఆకుపచ్చ ఉంది కాబట్టి కొంత వండుకుంటుంది, అందుకని పాక్షిక పరాన్నజీవి అంటారు. పొగాకు, టమాటా, వంగ వేళ్ల మీద వచ్చే పొగాకు మల్లె, శాస్త్రనామం ఒరోబాంకీ, ఆ మాత్రం శ్రమ కూడా పడదు. పత్రహరితం లేదు, ఆకులు పొలుసులుగా మిగిలాయి, నేలలోంచి పాలిపోయిన కాడ పూలతో సహా లేస్తుంది. అది సంపూర్ణ పరాన్నజీవి, చక్కెరతో సహా అన్నీ అరువే. ఇవి రెండూ ఒకే కుటుంబం. సుమారు 2,000 జాతులున్న ఆ కుటుంబంలో సొంతంగా బతికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఈ మాటకి ఇక్కడ రెండో అర్థం వద్దు. వాటిలో ఒకటైన లిండెన్‌బెర్జియా పాతగోడల పగుళ్లలో తన పాటికి తాను పసుపు పూలు పూస్తూ ఉంటుంది.

ఇది ఒక్క కుటుంబపు బుద్ధి అనుకోవద్దు. పూలమొక్కల చరిత్రలో పరాన్నజీవనం సుమారు 12 సార్లు విడివిడిగా పుట్టింది, మొత్తం జాతులు 4,500కి పైనే. మనం గౌరవంగా చూసే శ్రీగంధం కూడా వేళ్ల మీద బతికే పాక్షిక పరాన్నజీవే. గంధం నారు సంచిలోనే కంది గింజ వేస్తారు, అలాంటి వేరు ఏదీ దొరక్కపోతే గంధం మొక్క సరిగా ఎదగదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో నుయిట్సియా అనే చెట్టు ఉంది. దాని చూషకం వేరు చుట్టూ ఉంగరంలా బిగిసి, లోపలున్న చిన్న కత్తితో అడ్డంగా కోస్తుంది. నేలలో పాతిన కేబుళ్లని వేర్లనుకుని వాటినీ కోసిన చరిత్ర దానిది. బ్రిటన్‌లో రైనాంథస్ అనే చిన్న పరాన్నజీవిని పచ్చికబయళ్లలో కావాలనే చల్లుతారు. బలిసిన గడ్డిని అది అణిస్తే రకరకాల పూలమొక్కలకి చోటు దొరుకుతుంది. అంచేత పరాన్నజీవి అనే మాట తిట్టుగా వాడేముందు ఏ పొలంలో అని అడగాలి.

మన పొలంలోనైతే ఏం చెయ్యాలి? పీకడం మొదట తట్టేది. పీకాల్సిందే, పూత రాకముందే, లేకపోతే లక్ష గింజలు మట్టిలో పడతాయి. కానీ అది వచ్చే ఏళ్ల పైరు కోసం. ఈ ఏటి పైరుకి దెబ్బ ఎప్పుడో తగిలింది, కలుపు నేల మీదికి తల ఎత్తకముందు వారాల తరబడి కిందే ఉండి తాగింది. పీకినా చూషకం వేరులోనే ఉంటుంది.

ఇంతకన్నా తెలివైన దారి గింజకి అబద్ధం చెప్పడం. వేరు లేనప్పుడు వేరు ఉందని నమ్మిస్తే మొలుస్తుంది, మొలిచి ఆకలికి చస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఆత్మహత్యా మొలక అంటారు. 1956లో అమెరికాలోని కరొలైనా రాష్ట్రాల మొక్కజొన్న పొలాల్లో జొన్నమల్లె బయటపడింది. అక్కడి ప్రభుత్వం పొలాల్లోకి ఎథిలీన్ వాయువు ఎక్కించింది. ఎథిలీన్ తగిలినా ఈ గింజ వేరు వచ్చిందనుకుంటుంది. గింజలు సోకిన యంత్రాలూ ధాన్యమూ ఆ ప్రాంతం దాటకుండా దశాబ్దాలు కాపలా కాశారు. సుమారు 1,75,000 హెక్టార్లకి పాకిన కలుపు ఇప్పుడు అందులో కొసరంతకి తగ్గింది. పద్ధతి పనిచేస్తుంది, కానీ మట్టిలోకి గ్యాస్ ఎక్కించే ట్రాక్టర్లు, అన్నేళ్లు జీతాలిచ్చే ఖజానా ఉండాలి. అవి లేని రైతు కోసం లాబ్‌లో కృత్రిమ స్ట్రైగోలాక్టోన్లు తయారు చేస్తున్నారు. జపాన్‌లో 2018లో చేసిన ఒకటి ఎంతో పలచన చేసినా గింజల్ని మొలిపిస్తుంది.

కెన్యాలో దొరికిన ఉపాయం మాత్రం వెతుకుతున్నది ఒకటైతే తగిలింది మరొకటి. కాండం తొలుచు పురుగుని తరమడానికి జెయౌర్ ఖాన్ బృందం మొక్కజొన్న వరసల మధ్య డెస్మోడియం అనే పశుగ్రాసపు మొక్క వేసింది. దాని వాసనకి పురుగు దూరం పోయింది. దాంతో పాటు ఆ మడుల్లో జొన్నమల్లె కూడా కనపడలేదు. డెస్మోడియం వేళ్లు గింజని మొలిపించే పదార్థాలూ, మొలిచినదాన్ని ఎదగనివ్వని పదార్థాలూ కలిపి ఊరిస్తాయి. రమ్మని పిలిచి గుమ్మంలోనే పడగొట్టడం.

ఇక మిగిలింది పైరు గొంతే మార్చడం. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా జొన్నల్లో జొన్నమల్లెని తట్టుకునే రకాలు తయారుచేసి 2009లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ఆ రకాల్లో కొన్నిటి వేళ్ల దగ్గర గింజలు మొలవనే మొలవవు. కారణం 2017లో తేలింది. ఎల్‌జీఎస్‌1 అనే జన్యువు పోయిన జొన్న, స్ట్రైగోలాక్టోన్ ఊరించడం మానదు, రకం మారుస్తుంది. మామూలు జొన్న ఎక్కువగా ఊరించేది 5-డీఆక్సీస్ట్రైగోల్, జొన్నమల్లెకి ప్రాణం లేచొచ్చే పదార్థం. ఈ జొన్న దాని బదులు ఇంకోటి ఊరిస్తుంది. జొన్నమల్లెకి అది సరిగా వినపడదు. ఆఫ్రికాలో ఈ కలుపు బెడద ఎక్కువున్న చోట్లే ఈ జన్యువు పోయిన నాటు జొన్నలు ఎక్కువ కనిపిస్తాయి. శాస్త్రవేత్తల కన్నా ముందే, గింజ దాచుకుని మళ్లీ వేసుకున్న రైతుల చేతుల్లో ఆ ఎంపిక జరిగిపోయింది.

ఆ మార్చుకున్న పదార్థం పేరు ఒరోబాంకాల్. పొగాకు మల్లె శాస్త్రనామం ఒరోబాంకీ అని పైన చెప్పుకున్నాం. ఆ జాతి గింజని మొలిపిస్తుందనే దానికి ఆ పేరొచ్చింది. అదృష్టం కొద్దీ జొన్న వేరు జోలికి పొగాకు మల్లె రాదు.